మా కంప్యూటర్‌లో ఎప్పుడూ జనవరి ఒకటే

ఉచిత ప్రోగ్రాముల సంగతి నన్నడగండి అని కిరందుల్ రైల్వే కాలనీలో ఒకప్పుడు తెగ చెప్పుకుని తిరిగేదాన్ని. చిన్న చిన్నవి, పైసా కట్టక్కర్లేనివి, కంప్యూటర్‌లో ఏదో ఒక్క పని చేసి పెట్టేవి. చెత్త ఊడ్చేవి, పెద్ద ఫైళ్లని కుదించేవి, పాటని ముక్కలు కోసేవి, తెర మీద గడియారం పెట్టేవి. వాటిలో ఏది పనికొస్తుందో, ఏది మాయ చేస్తుందో తేల్చడం నా వ్యాపకం. వ్యాపకమని ఇప్పుడు మర్యాదగా అంటున్నాను గానీ అప్పట్లో అది పొగరు. ఆ పొగరే నా కొంప ముంచింది.

మా ఆయన గూడ్స్ గార్డు. కొండ మీద తవ్విన ఇనుపరాయి నింపుకుని కిందికి దిగే బళ్లలో చిట్టచివరి పెట్టెలో కూర్చుని వెళ్లేవాడు. మాది విజయనగరం వైపు, ఆయన ఉద్యోగం కోసం ఈ హిందీ ఊరికి వచ్చాం. పిల్లలు లేరు. ఆయన డ్యూటీకి వెళ్తే ఇంట్లో నేనూ, గోడ మీద బల్లీ. అందుకే ముచ్చటపడి నాకు కంప్యూటర్ కొన్నాడు. తను మాత్రం దాన్ని ఒక్కనాడూ ముట్టుకోలేదు. "ఆ ఎలకని నాను పట్నేను గానీ నువ్వే ఆడుకో" అనేవాడు మౌస్‌ని చూపించి. నేను దాని మీద కాలనీ వాళ్లకి సెలవు అర్జీలు, బదిలీ అర్జీలు కొట్టిపెట్టేదాన్ని.

మా కాలనీలో ఒక పద్ధతి ఉండేది. ఎవరు విశాఖపట్నం వెళ్తున్నా వాళ్ల చేతిలో ఒక చీటీ పెట్టేవాళ్లం. దాన్ని చీటీ అనకూడదు, చేంతాడు అనాలి. ఒక ఇంటివాళ్లు ఎండు నెత్తళ్లు రాస్తే, ఇంకో ఇంటివాళ్లు మామిడితాండ్ర, మరొకళ్లు కళ్లజోడు బాగుచేయించడం. ప్యాసింజర్ బండి దిగి వచ్చినవాళ్లు ఇంటింటికీ పంచేవాళ్లు. అందులో నాది ఎప్పుడూ రెండు వరసలు. ఒకటి, స్టేషన్ పుస్తకాల కొట్లో దొరికే కంప్యూటర్ పత్రిక, అట్ట లోపల సీడీతో సహా. రెండోది, ఒక గుండ్రటి సెల్లు.

ఆ సీడీలోనే ఉండేవి ఉచిత ప్రోగ్రాములన్నీ, ఒక్కోదాంట్లో డజన్ల కొద్దీ. వాటిని ఒక్కొక్కటే ఎక్కించి, పని చేయించి, తీసేసి, ఒక పాత నోటుపుస్తకంలో మార్కులు వేసేదాన్ని. ఎక్కించేటప్పుడు ఎన్నిసార్లు అడ్డం పడి ప్రశ్నలడిగింది, తీసేశాక ఏమైనా వదిలిపోయిందా, మాటిమాటికీ కొనుక్కోమని పోరిందా. నా రాతలు చూస్తే నాకే నవ్వొచ్చేది. "పని తక్కువ, మాట ఎక్కువ. పదికి రెండు." "ఊడ్చమంటే గడప దాకా ఊడ్చి ఆపేసింది. నాలుగు." "చెప్పిన పని చేసి నోరు మూసుకుంది. తొమ్మిది." పదికి పది ఎవరికీ వేసేదాన్ని కాదు. వాటికో నియమం కూడా పెట్టుకున్నాను: దేన్నైనా సరే ముందు పనికిరాని ఫైళ్లతో ఒక సంచీ, అదే ఫోల్డరు, కట్టి, దాని మీదే పరీక్ష చెయ్యాలి. బాగుందనుకున్నాకే ఇల్లంతా తిరగనివ్వాలి.

సెల్లు సంగతి చెప్పాలి. కంప్యూటర్ లోపల బిళ్లలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా తేదీ, టైమూ గుర్తుంచుకోవడానికి. మాది కొన్న కొత్తలోనే చచ్చింది. అది మా బజారులో దొరకదు. చీటీలో రాస్తే, చిట్టచివరి వరస కాబట్టి, వెళ్లినవాళ్లు ప్రతిసారీ మర్చిపోయేవాళ్లు. మా ఆయన కూడా మర్చిపోయాడు, ఒకసారి కాదు, నాలుగుసార్లు. "నెత్తళ్లు గుర్తుంటాయి గానీ నా సెల్లు గుర్తుండదేటండీ?" అని ఎగిరేదాన్ని. "ఊ" అనేవాడు.

ఆయన అంతే. దేనికైనా ఊ. అన్నం పెట్టనా అంటే ఊ. ఉప్పు తక్కువైందా అంటే ఊ. ఇల్లు తగలబడిపోతోందండీ అన్నా ఊ అనే అంటాడని పక్కింటావిడతో చెప్పి నవ్వేదాన్ని. బయట స్నేహితుల దగ్గర గంటలు గంటలు మాట్లాడే మనిషి, ఇంట్లోకి వస్తే ఒక్క అక్షరం. ఎంత పోట్లాడానో దాని మీద.

సెల్లు లేకపోవడం వల్ల మా కంప్యూటర్ ఆపి పెట్టినప్పుడల్లా తను పుట్టిన ఏడాది జనవరి ఒకటికి వెళ్లిపోయేది. మర్నాడు పెడితే మళ్లీ జనవరి ఒకటి. ఎండాకాలంలో జనవరి ఒకటి, వానల్లో జనవరి ఒకటి. నేను రాసిన ప్రతి అర్జీ మీదా, దాచిన ప్రతి ఫైలు మీదా అదే తారీఖు. ఐదేళ్లు అలాగే గడిచాయి. అలవాటైపోయింది, పట్టించుకోవడం మానేశాను.

తరవాత ఆయన గొంతు బొంగురుపోయింది. గనుల ఎర్ర ధూళి అనుకున్నాం. అక్కడ అందరికీ ఏ జబ్బు వచ్చినా ఎర్ర ధూళి మీదకే నెడతాం. మిరియాల కషాయం తాగించాను. మూడు నెలలు తాగించాను. విశాఖపట్నం తీసుకెళ్లాక డాక్టరు ఆయన్ని బయట కూర్చోబెట్టి నాతో చెప్పాడు, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలమ్మా అని. మెడకి ఒక రంధ్రం పెడతారు, ఊపిరి అందులోంచే. మనిషి బతుకుతాడు. మాట ఉండదు.

ఆపరేషన్‌కి పది రోజులు గడువిచ్చారు. ఇంటికొచ్చి సర్దుకుని వెళ్లడానికి. అంత ఏడుపులోనూ నా బుర్రకి తోచింది ఒక్కటే, ఆ గొంతుని దాచాలి. బజారు నుంచి ఒక చిన్న మైకు తెచ్చి కంప్యూటర్‌కి పెట్టాను. మా ఆయన్ని కుర్చీలో కూలేశాను.

"ఏటే ఇది? సినిమా తీస్తన్నావేటి?" అన్నాడు.

"మాట్లాడండి. మీ గొంతు నాకు కావాలి."

"ఈ బొంగురు గొంతు నీకేటికే?"

"నాకు కావాలన్నానా? మీరు మాట్లాడండి."

మొదటి రోజు సిగ్గుపడ్డాడు. రెండో రోజు నుంచి అలవాటైంది. కిరందుల్ నుంచి కొత్తవలస దాకా ఉన్న స్టేషన్ల పేర్లన్నీ వరసపెట్టి చెప్పాడు, బచేలి, భాంసీ, దంతెవాడ, గీదం, ఎక్కడా తడుముకోకుండా. సొరంగంలో బండి ఆగిపోయి గార్డు పెట్టెలో ఒక్కడే కూర్చున్న రోజు సంగతి చెప్పాడు. చేపల పులుసు వాళ్లమ్మ ఎలా పెట్టేదో, నేనెలా చెడగొడతానో చెప్పాడు. ఆదివారం మా తెలుగు చర్చిలో చదివే పాఠం ఒకటి చదివాడు. ఆఖరి రోజు నేనే అడిగాను, ఒక్కసారి నా పేరు పెట్టి పిలవండి అని. ఇన్నేళ్లూ ఇదిగో అనీ, ఏమేవ్ అనీ గడిపిన మనిషి. చాలాసేపు మైకుని చూస్తూ కూర్చున్నాడు. తరవాత పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. నేను వంటింట్లోకి పరిగెత్తుకెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను.

మొత్తం ఏడు ఫైళ్లు. ఏడింటి మీదా జనవరి ఒకటి.

ఆపరేషన్ అయింది. తేలిగ్గా రాసేస్తున్నాను గానీ ఆ నెలన్నరా నేను మనిషిని కాను. మంచం మీద నుంచి ఆయన మొదటిసారి పలక మీద రాసింది నీళ్లు అని కాదు, నొప్పి అని కాదు. "గొంతు జాగర్త" అని రాశాడు. కుట్ల సంగతేమో అనుకున్నాను. కాదని తల ఊపి, గాలిలో ఎలకని పట్టుకున్నట్టు చెయ్యి ఆడించాడు. కంప్యూటర్‌లో ఉన్నది జాగ్రత్త అని. ఉంది, ఎక్కడికి పోతుంది అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు విశాఖపట్నంలో నా చేత్తో నేనే ఆ గుండ్రటి సెల్లు కొన్నాను. మూడు కొట్లు తిరిగి కొన్నాను. ఇక ఎవరినీ దేబిరించక్కర్లేదని దాన్ని కొంగున ముడేసుకుని మరీ తెచ్చాను.

ఇంట్లో మాట లేదు. ఆయనకి నేను కావాల్సి వస్తే, గార్డు విజిల్‌తో మంచం ఇనప కమ్మీ మీద కొట్టేవాడు. విజిల్ ఊదలేడు కదా, ఊపిరి నోట్లోకి రాదు. ఒకసారి మర్చిపోయి నోట్లో పెట్టుకున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. మెడ దగ్గర రంధ్రం మీది గుడ్డ ఎగిరింది, విజిల్ పలకలేదు. దాన్ని దిండు కింద పెట్టేసి అటు తిరిగి పడుకున్నాడు.

ఆ ఏడు ఫైళ్లూ వినే ధైర్యం నాకింకా లేదు. వినకపోయినా సీడీలోకి ఎక్కించి బీరువాలో పెడదామనుకున్నాను. పక్క వీధిలో వాళ్ల సీడీ రైటర్ అడిగి తెచ్చుకున్నాను. మధ్యాహ్నం ఆయన మందు వేసుకుని పడుకున్నాక మొదలెట్టాను. ముందు కంప్యూటర్ విప్పి కొత్త సెల్లు పెట్టాను. తేదీ సరిచేశాను. ఐదేళ్ల తరవాత మా ఇంటి కంప్యూటర్‌కి అసలు తారీఖు వచ్చింది. అంత దుఃఖంలోనూ నాకు గొప్పగా అనిపించింది.

సీడీకి కాపీ చెయ్యాలంటే డిస్కులో కొంత ఖాళీ ఉండాలంది. ఖాళీ లేదు. ఆస్పత్రిలో ఉండగా కొన్న పత్రిక సీడీలో ఒక ఊడ్చే ప్రోగ్రాము కొత్తది ఉంది. చిన్నది, ముద్దుగా ఉంది, ప్రశ్నలు అడగలేదు. మూడేళ్లుగా ఎవరూ ముట్టని పాత ఫైళ్లని వెతికి, కంప్యూటర్ చెత్తబుట్టలో కూడా మిగలకుండా తుడిచేస్తుందట. పెద్ద జాబితా చూపించింది, తెర మీద పట్టనంత. తీసెయ్యనా అంది. నా నియమం ఉందే, ముందు పనికిరాని సంచీ మీద పరీక్ష చెయ్యాలని, అది ఆ రోజు గుర్తు రాలేదు. అబద్ధం, గుర్తొచ్చింది. ఇన్ని చూసినదాన్ని, మొహం చూస్తే తెలియదా అనుకున్నాను. సరే అని నొక్కాను. అది పని చేస్తుండగానే నోటుపుస్తకం తీసి మార్కులు వేశాను. తొమ్మిది.

ఫైళ్ల కోసం తెరిచి చూస్తే సంచీ ఖాళీ.

ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఓలమ్మో, ఆ ఏడింటి మీదా ఐదేళ్ల కిందటి జనవరి ఒకటి. కంప్యూటర్‌కి ఇవాళ్టి తారీఖు చెప్పింది నేనే. పాతవి ఊడ్చెయ్యమన్నదీ నేనే. ఐదేళ్లు సెల్లు లేకుండా బతికినదాన్ని ఇంకో గంట బతకలేకపోయానా? సెల్లు తేవడం మర్చిపోయాడని ఆయన్ని ఎన్ని మాటలన్నాను! ఆ మరుపే కాపాడింది ఇన్నాళ్లూ. నా జాగ్రత్త మింగేసింది.

పక్కగదిలో కమ్మీ మీద విజిల్ చప్పుడు. మందు టైమైంది. లేచి వెళ్లాను. నీళ్లందించాను. ఏమైందన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. కంట్లో నలక అన్నాను.

అప్పటి నుంచి నా బతుకు కుక్క బతుకు అయింది. పోయిన ఫైళ్లని తిరిగి తీసే ఉచిత ప్రోగ్రాములు ఉంటాయని తెలుసు, పత్రికల్లో చదివాను. బస్టాండు పక్క ఇంటర్నెట్ కొట్టుకి పరిగెత్తాను. కూరగాయలకని చెప్పి వెళ్లేదాన్ని. ఒక్కోటి దిగడానికి గంట పట్టేది. మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటి నుంచి. కొట్టు యజమాని పెద్దాయన, నన్ను చూడగానే "ఔర్ ఏక్, మేడమ్‌జీ?" అనేవాడు. ఇంకోటే అని నేనూ ఔర్ ఏక్ అనేదాన్ని. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, సంచీలో పైన నాలుగు వంకాయలు వేసుకుని ఇంటికొచ్చేదాన్ని. అన్ని వంకాయలు ఎవరు తింటారు? ఆయనకి నేను ఏం మెత్తగా చేసి పెడితే అదే తిండి, అడగడానికి నోరు లేదు. వారం రోజులు వంకాయే తినిపించాను పాపిష్టిదాన్ని.

మొదటి ప్రోగ్రాము ఎక్కించాను. డిస్కంతా గంటసేపు వెతికి, పోయినవేమీ లేవంది. దాన్ని తిట్టి రెండోది ఎక్కించాను. అది ఏడు పేర్లూ చూపించింది! పేర్లలో మొదటి అక్షరం మాత్రం ఎగిరిపోయింది, మిగతాదంతా ఉంది. నేను కుర్చీలోంచి లేచి దండం పెట్టాను తెరకి. తీయమని నొక్కితే, చూపించడం వరకే ఉచితం, తీసివ్వాలంటే డాలర్లు కట్టాలంది. బ్యాంకు కార్డు కావాలట, అదీ పై దేశాల్లో చెల్లేది. మాకు అటువంటిది ఎక్కడిది? నోటుపుస్తకంలో దానికి సున్నా వేశాను. కాయితం చిరిగేలా వేశాను. మూడోది సగంలో కరెంటు పోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పోయింది. నాలుగోది ఎక్కుతూనే కంప్యూటర్‌ని బిగదీసింది. ఐదోది నా పాత అర్జీలన్నీ తిరిగి తెచ్చి నా ముందు కుప్ప పోసింది. ఎవడిక్కావాలి అర్జీలు? బదిలీ కావలెనని వినయపూర్వకంగా ప్రార్థిస్తున్నానట!

ఆరోది ఇచ్చింది. ఏడు ఫైళ్లూ ఇచ్చింది, పేర్లతో, పూర్తి బరువుతో. డిస్కు మీద కొత్త సంచీలో పెట్టించాను. ముందు ఒకటి నొక్కాను. స్టేషన్ల పేర్లు రావాలి. బదులు గర్ర్‌మని రేకు మీద రాళ్లు దొర్లుతున్న చప్పుడు. రెండోది, అదే. మూడోది, అదే. ఏడూ అదే. నా పేరు ఉన్న ఫైలుని ఎన్నిసార్లు పెట్టానో. చప్పుడు సన్నగా పెట్టి, స్పీకర్‌కి చెవి ఆనించి, ఆ రాళ్ల కింద ఎక్కడైనా ఆయన ఉన్నాడేమోనని విన్నాను. లేడు.

ఇంకో ప్రోగ్రాము తెచ్చాను. ఇంకోటి తెచ్చాను. దేవుడా, ఎన్ని తెచ్చానో. పిచ్చిదాన్లా ఎక్కించాను, తీశాను, ఎక్కించాను. మార్కులు వెయ్యడం మానేశాను. ఆయన గదిలోంచి ఆ గర్ర్ చప్పుడు విని, పలక మీద "ఏటది" అని రాసి చూపించాడు. స్పీకర్లు పాడైపోయాయండీ అన్నాను. నన్నే చూస్తూ ఉండిపోయాడు. ఊ అనడానికి కూడా లేదు కదా ఆయనకి, ఏమనుకున్నాడో తెలియలేదు.

చివరికి జగదల్‌పూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే మనిషి ఒకడున్నాడని విన్నాను. డ్రెస్సింగ్ గుడ్డలు అయిపోయాయి, తెస్తానని మా ఆయనకి చెప్పి, పక్కింటావిడని కాస్త చూడమని, సీపీయూని దుప్పట్లో మూటకట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, కుదుపులకి తగలకుండా. దారిలో చెక్‌పోస్టు దగ్గర జవాను ఎక్కి దుప్పటి తట్టాడు. "ఇస్‌మే క్యా హై?" అన్నాడు. "కంప్యూటర్" అన్నాను. "ఖరాబ్ హై క్యా?" అన్నాడు. పాడైపోయిందా అన్న ఆ మాటకి ఎందుకో ఏడుపు తన్నుకొచ్చింది, బస్సంతా నన్నే చూసింది. అతను ఇబ్బందిపడి దిగిపోయాడు.

ఆ బాగుచేసే మనిషి కుంట అనే ఊరికి అవతల నుంచి వచ్చినవాడు, భద్రాచలం దగ్గర. తెలుగు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. జరిగినదంతా చెప్పాను. సెల్లు సంగతీ, ఊడ్చిన సంగతీ. గొప్ప పని చేసినదానిలా, తరవాత ఎన్నెన్ని ప్రోగ్రాములు ఎక్కించానో కూడా చెప్పాను. అతను స్క్రూలు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఏందక్కా, అన్నీ ఈ డిస్కు మీదనే ఎక్కించినవా?"

"నాకున్నది ఇదొక్కటే కదయ్యా."

"తీసిన ఫైళ్లు గూడ దీని మీదనే పెట్టినవా?"

"ఊ" అన్నాను.

అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. తరవాత మెల్లగా చెప్పాడు. "తుడిచినంక గూడ ఫైలు ఆడనే ఉంటదక్కా. పేరు మాత్రమే పోతది. జాగా ఖాళీ అని రాసుకుంటది అంతే. నువ్వు కొత్తది ఏది ఎక్కించినా ఆ ఖాళీల వచ్చి కూసుంటది. పోయిందని తెలవంగనే కరెంటు తీసేసి నా కాడికి తెచ్చి ఉంటే ఏడుకి ఏడు తీసిద్దును. నువ్వు ఆయన గొంతు మీద ఇవన్నీ తెచ్చి పరిచినవు."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఊడ్చిన ప్రోగ్రాము చంపలేదు. వెతికిన ప్రోగ్రాములు చంపాయి. ఒక్కోటి ఎక్కించిన కొద్దీ ఒక్కో స్టేషనూ, పులుసూ, సొరంగమూ, నా పేరూ పోయాయి. చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే మిగిలేది. నేనేమో బస్టాండుకీ ఇంటికీ పరుగులు పెట్టి, వంకాయల కింద దాచి తెచ్చి తెచ్చి, పూడ్చిపెట్టాను. ఆ కొట్లో, నలుగురు మనుషుల ముందు, తల గోడకేసి కొట్టుకున్నాను. అతను వచ్చి పట్టుకున్నాడు. అతని భార్య లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చింది.

సాయంత్రం బస్సు దాకా అతను తన మెషీన్‌కి నా డిస్కు తగిలించి వెతికాడు. ఒకే ఒక్క ఫైలు మొదలు దొరికింది, మొట్టమొదటి రోజుది. మిగతాదాని మీద వేరేవి కూర్చున్నాయన్నాడు. చెవులకి పెట్టుకుని విన్నాను. ముందు నా గొంతే. "సరిగ్గా కూర్చోండి. మైకు దగ్గరికి జరగండి. అంత దూరం అయితే ఎలా? మొహం అలా పెట్టకండి, ఫొటో కాదు. మొదలెట్టమంటారా?" ఆ తరవాత, ఒకే ఒక్కసారి, బొంగురుగా, విసుగ్గా, ఆయన.

"ఊ."

వెనకే గర్ర్‌మని రాళ్లు.

అంత మాట్లాడించి అంత దాచుకున్నదాంట్లో నాకు మిగిలింది అది. నా సతాయింపు అంతా చెక్కుచెదరకుండా ఉంది. ఆయనది ఒక్క అక్షరం.

ఇంటికొచ్చి చెప్పేశాను. మంచం పక్కన నేల మీద కూర్చుని, ఒక్కటీ దాచకుండా, వంకాయలతో సహా. ఆయన విన్నాడు. పలక తీసుకోలేదు. కోపం వచ్చిందని తెలుస్తోంది, మెడ దగ్గర గుడ్డ జోరుగా ఎగురుతోంది. తిట్టండి అన్నాను. కొట్టండి అన్నాను. ఆ గొంతు నాదొక్కదానిదే అనుకున్నాను గానీ, అది ఆయనదని, ఆయనా దాన్ని మళ్లీ వినాలని ఎదురుచూశాడని అప్పుడు తోచింది. ఆస్పత్రి మంచం మీద మొదట రాసిన మాట అదే కదా. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రెండు రోజులు పలక ముట్టలేదు. కమ్మీ మీద విజిల్ కొట్టలేదు. పెట్టింది తిన్నాడు, ఇచ్చిన మందు మింగాడు. మనిషికి మాట పోయాక కూడా అలిగి మాట్లాడకుండా ఉండగలడని నాకు తెలియదు. ఆ రెండు రోజులూ ఎలా గడిపానో ఇప్పటికీ రాయలేను. చచ్చిపోదామనిపించింది. ఉన్నమాట.

ఆ రెండో రోజే నేను ఇంకో ఉచిత ప్రోగ్రాము వాడాను. ఆఖరిది. పాటని ముక్కలు కోసేది, పాత సీడీలో ఎప్పుడో చూసి ఏడు మార్కులు వేసినది. ఈసారి నియమం తప్పలేదు. ముందు ఒక పనికిరాని పాట మీద పదిసార్లు కోసి చూశాను. జగదల్‌పూర్ నుంచి తెచ్చుకున్న అసలు ఫైలుని పక్కింటివాళ్ల కంప్యూటర్‌లోనూ, సీడీలోనూ, పెన్‌డ్రైవ్‌లోనూ దాచాకే దాని మీద చెయ్యి వేశాను. నా సతాయింపంతా కోసేశాను. వెనక రాళ్లు కోసేశాను. మధ్యలో ఉన్నది మాత్రం ఉంచి, తెర మధ్యలో పెట్టాను. ఒక్కసారి నొక్కితే ఒక్క ఊ. ఆ మధ్యాహ్నం చాలాసార్లు నొక్కుకున్నాను. ఆయన అటు తిరిగే పడుకుని ఉన్నాడు. వినపడిందో లేదో అడగలేదు.

మూడో రోజు పొద్దున వంటింట్లో ఉన్నాను. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఇన్నేళ్ల అలవాటు, మనసు ఎక్కడో ఉండి నోరు దాని పని అది చేసేసింది.

"ఏటండీ, ఉప్మా చెయ్యనా?"

జవాబు ఎక్కడి నుంచి వస్తుంది, పిచ్చిదానా అని నన్ను నేనే తిట్టుకుంటుండగా ముందు గదిలోంచి వచ్చింది.

"ఊ."

చేతిలో డబ్బా కిందపడి రవ్వంతా నేల మీద పోసుకుపోయింది. గుమ్మం దాకా వచ్చి చూశాను. కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నాడు, వీపు నా వైపు. ఎడం చేత్తో మెడ దగ్గర గుడ్డ పట్టుకున్నాడు. కుడి చేత్తో మౌస్‌ని, ఎలక పారిపోతుందేమోనన్నట్టు, గట్టిగా అదిమి పట్టుకుని ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. నేనూ పిలవలేదు.

మళ్లీ వంటింట్లోకి వెళ్లాను. నేల మీద రవ్వ ఊడ్చి, డబ్బా నిలబెట్టాను.

"ఉప్పు ఎక్కువ వేసెయ్యనా?" అన్నాను.

దానికీ ఊ అన్నాడు.